వాట్సన్ ఎందుకు అడుగుతాడు?

డిటెక్టివ్ కథ అనగానే మనకు డిటెక్టివే గుర్తొస్తాడు. పక్కనున్న మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కొమ్మూరి సాంబశివరావు నవలలు చదివినవాళ్లకు యుగంధర్ పేరు గుర్తొచ్చినంత తొందరగా అసిస్టెంట్ రాజు పేరు గుర్తురాదు. అటువంటి పక్క మనుషుల్లో అందరికన్నా పేరున్న డాక్టర్ వాట్సన్ గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

హాస్టల్ తమ్ముళ్లు కొందరు ఫోన్లలో జపాన్ బొమ్మల కథలు, అంటే మాంగా, చదువుతున్నారు. 2016లో మొదలైన 'మొరియార్టీ ది పేట్రియాట్' అనే మాంగాలో షెర్లాక్ హోమ్స్ పక్కన ఉండే డాక్టర్ ఈయనే. అసలు పుట్టింది మాత్రం 1887లో, ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' నవలలో. వైద్యం చదివి సైన్యంలో చేరాడు. 1880లో అఫ్గానిస్తాన్‌లోని మైవాండ్ యుద్ధంలో భుజానికి తూటా తగిలింది. పెషావర్ ఆస్పత్రిలో టైఫాయిడ్ వచ్చి చావు దాకా వెళ్లాడు. లండన్ తిరిగొచ్చాక చేతిలో డబ్బు ఆడక, గది అద్దె పంచుకునే మనిషి కోసం వెతుకుతుంటే హోమ్స్ దొరికాడు. రూమ్మేట్ల కథ అన్నమాట! హాస్టల్లో ఉండేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకీ కథకు ఈయన అవసరం ఏమిటి? మన దగ్గరి ఉదాహరణ ఒకటి ఊహించుకుందాం. పొద్దున మెహిదీపట్నం నుంచి చేవెళ్ల వచ్చే బస్సు. ఒకాయన మొయినాబాద్‌లో దిగాడు. 'ఈయనది గులాబీ తోట. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు అమ్మి వస్తున్నాడు' అని హోమ్స్ మనసులో అనుకొని ఊరుకుంటే కథే లేదు. పక్కవాడు "నీకెట్లా తెలిసింది?" అని అడగాలి. అప్పుడే వేళ్ల మీది ముళ్ల గీతలు, ఖాళీ గంప అడుగున అంటుకున్న ఎర్ర రేకు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. హోమ్స్ తెలివి మనదాకా వచ్చేది ఆ ప్రశ్న వల్లనే.

డాయిల్ రాసిన 56 కథలు, 4 నవలల్లో నాలుగు కథలు తప్ప మిగతావన్నీ వాట్సన్ చెప్పినవే. 1926లో రెండు కథలను హోమ్స్ చేతనే చెప్పించాడు. అన్నాళ్లూ వాట్సన్ రాతను వెక్కిరించిన హోమ్స్, తాను కలం పట్టగానే చదివేవాళ్లకు ఆసక్తి పుట్టేలా రాయక తప్పదని ఒప్పుకుంటాడు. మాకైతే ఆ రెండు కథలూ కొంచెం చప్పగానే అనిపించాయి.

అడిగేవాడికి ఏమీ తెలియదని లోకం అనుకుంటుంది. ఇది మన హాస్టల్ పిల్లలకు బాగా తెలుసు. ఇంట్లో అడుగుదామంటే చదువుకున్నవాళ్లు ఉండరు. క్లాసులో అడిగితే వెనక బెంచీలో నవ్వు వినిపిస్తుంది. వాట్సన్‌కూ అదే గతి పట్టింది. 1939 నుంచి 1946 వరకు వచ్చిన హాలీవుడ్ సినిమాల్లో నైజెల్ బ్రూస్ వేషంలో ఆయనను తికమక మనిషిగా చూపించారు. జనానికి ఆ బొమ్మే గుర్తుండిపోయింది.

కథల్లో వాట్సన్ అట్లాంటివాడు కాదు. 1913లో వచ్చిన 'ది డయింగ్ డిటెక్టివ్' చూడండి. హోమ్స్ ఒక నేరస్థుణ్ణి పట్టుకోవడానికి చావబోతున్నట్టు నటిస్తాడు. వాట్సన్‌ను మాత్రం మంచం దగ్గరికి రానివ్వడు. నాడి పట్టుకుంటే ఈ డాక్టర్‌కు నిజం తెలిసిపోతుందని భయం! ఇంత తెలిసినవాడే కథ కథకూ "ఎట్లా?" అని సిగ్గుపడకుండా అడుగుతాడు. రోగిని ప్రశ్నలడగడం డాక్టర్ చదువులోనే ఉంది కదా. డాయిల్ కూడా డాక్టరే. ఎడిన్‌బరోలో ఆయన గురువు జోసెఫ్ బెల్ రోగిని చూడగానే అతను చేసే పని ఏమిటో చెప్పేవారట. గురువు చూపు హోమ్స్‌కు ఇచ్చి, శిష్యుడి ప్రశ్న వాట్సన్‌కు ఇచ్చాడని మా అభిప్రాయం.

లైబ్రరీలో ఒకే పుస్తకం దొరికితే 1902 నాటి 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' తీసుకోండి. అందులో హోమ్స్ తనకు లండన్‌లో పని ఉందని చెప్పి వాట్సన్‌ను ఒక్కణ్ణే డార్ట్‌మూర్‌కు పంపుతాడు. వాట్సన్ చూసింది చూసినట్టు, అర్థం కానిది అర్థం కాలేదని ఉత్తరాలు రాస్తాడు. తీరా చూస్తే హోమ్స్ అక్కడే బయలు మీద ఒక రాతి గుడిసెలో దాక్కొని ఉన్నాడు. ఆ ఉత్తరాలు ఆయన దగ్గరే ఉన్నాయి, చదివి చదివి నలిగిపోయి.