వినేవాళ్లను తయారుచెయ్యి, నాయనా

చిరంజీవి అబ్బాయికి,

మేనత్త ఆశీర్వదించి రాసేది.

నీ పాస్టరేటులో ఊరికి ఇద్దరు ముగ్గురు చొప్పున సంఘస్థులను ఎంచి, పరామర్శ పనికి తర్ఫీదు ఇవ్వాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. ఏం నేర్పాలో రాయమన్నావు. నర్సుగా ఆసుపత్రిలోనూ, సంఘంలోని స్త్రీల మైత్రి తరఫున ఇళ్లలోనూ చూసినవాటిని బట్టి రాస్తున్నాను. మన సంఘాల్లో ప్రసంగించేవాళ్లకు కొదవ లేదు. నువ్వు వినేవాళ్లను తయారుచెయ్యి.

అయ్యగార్లు చాలక చేసుకున్న సర్దుబాటు ఇది అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మన తెలుగు సంఘం నిలిచిందే మామూలు విశ్వాసుల మీద. మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టేనాటికే యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి తనవాళ్ల మధ్య తిరిగి సువార్త చెబుతున్నాడు. 1878 జూలై 3న, కరువు రోజుల్లో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమంది మంచీచెడ్డా చూడటం ఒక్క దొర వల్ల అయ్యే పనా? పల్లెల్లో ఉన్న బోధకులూ, సంఘ పెద్దలూ, బైబిలు స్త్రీలూ చూసుకున్నారు. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్య గారు బాప్తిస్మం పొందినవాళ్లచేత తమ తలమీదే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదేనని ఒప్పించేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తగవులు తీరుస్తున్న మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా కూడా ఇదే గదా. భారం పంచుకోకపోతే నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు.

ఇక మనుషుల్ని ఎంచడం. మైకు బాగా పట్టేవాళ్ల పేర్లు ముందుగా నీ దగ్గరికి వస్తాయి. వాళ్లను పక్కనపెట్టి ఊళ్లో విచారించు. కష్టమొచ్చినవాళ్లు ఇప్పటికే ఎవరి గుమ్మం తొక్కుతున్నారు? కుట్టుమిషను ముందు కూర్చున్న ఒక విధవరాలు కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, రిటైరైన టీచరు కావచ్చు. అలాంటివాళ్లే నీకు కావాలి. వాళ్లలో సగం మందైనా స్త్రీలు ఉండాలి. మొగుడు కొట్టిన సంగతిని ఏ ఆడపిల్లా సంఘ పెద్దల వరుస ముందు నిలబడి చెప్పదు.

శిక్షణ ఎంతకాలం అన్నావు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కెన్నెత్ హాక్ అనే పాస్టరు 1975లో స్టీఫెన్ మినిస్ట్రీ మొదలుపెట్టారు. ఆయన మనస్తత్వ శాస్త్రం కూడా చదివినవారు. వాళ్ల పద్ధతిలో సంఘస్థులకు 50 గంటల శిక్షణ ఇస్తారు. మన కూలీనాలీ జనానికి అన్ని గంటలు వరసగా కుదరవు. ఆదివారం ఆరాధన అయ్యాక రెండేసి గంటలు పెట్టుకుంటే 25 వారాల్లో అదే పూర్తవుతుంది. ఆ గంటల్లో ఎక్కువ భాగం అభ్యాసానికే కేటాయించు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టు. ఒకరు తమ బాధ ఒకటి ఐదు నిమిషాలు చెప్పాలి. రెండోవారు నోరు మెదపకుండా విని, తమకు అర్థమైంది తిరిగి చెప్పాలి. మొదటి వారం ఎవరూ ఐదు నిమిషాలు ఆగలేరు, మధ్యలోనే సలహా వచ్చేస్తుంది. ఆగగలిగేదాకా చేయించు. యోబు స్నేహితులు నోరు తెరవకుండా నేలమీద కూర్చున్న ఏడు రోజులే అతనికి మేలు చేశారు. మాట్లాడటం మొదలుపెట్టాక గాయమే మిగిల్చారు.

చావు ఇంట్లో "దేవుని చిత్తం" అనీ, జబ్బు మనిషి దగ్గర "విశ్వాసం చాలలేదు" అనీ, బిడ్డ పోయిన తల్లితో "ఏదో పాపం ఉండి ఉంటుంది" అనీ అనకూడదని గట్టిగా చెప్పు. ఇవి ఓదార్పు మాటలు కావు, తీర్పులు.

వార్డులో పరామర్శ ఎలా సాగుతుందో ఎన్నోసార్లు చూశాను. ఆరుగురు గుంపుగా వస్తారు. సెలైను ఎక్కుతున్న చేతి పక్కనే మంచం మీద కూర్చుంటారు, గొంతెత్తి ప్రార్థన చేస్తారు. పక్క మంచం మీద ఆపరేషనై, అప్పుడే కునుకు పట్టిన మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. ఇద్దరు వెళ్తే చాలు. స్టూలు లాక్కుని, రోగి తల ఎత్తి చూడాల్సిన పని లేకుండా ఎదురుగా కూర్చోవాలి. "ప్రార్థన చేసుకుందామా?" అని అడగాలి. వద్దంటే నొచ్చుకోకూడదు. సరేనంటే, రోగి తనకు ఏది భయమని చెప్పాడో దాన్నే ప్రభువు ముందు పెట్టి రెండు నిమిషాల్లో ముగించాలి. మాత్రలు ఆపేయమని మాత్రం ఎవరూ, ఎప్పుడూ చెప్పకూడదు.

రహస్యం కాపాడటం మీద ఒక పూట మొత్తం పెట్టు. మన దగ్గర గుట్టు బయటపడేది చాడీలతోనే కాదు, ప్రార్థన విన్నపాలతో కూడా. "ఫలానా అక్క కూతురి కోసం ప్రార్థించండి" అంటూ మొదలై, ఆ పిల్ల సంగతి పొద్దుపోయేసరికి ఊరంతా తెలిసిపోతుంది. చెప్పినవారి అనుమతి లేకుండా వాళ్ల పేరు ప్రార్థనలో కూడా పైకి ఎత్తకూడదు.

అయితే దాచకూడనివి కొన్ని ఉన్నాయి. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టం తెలిసినవాళ్లందరి మీదా ఆ బాధ్యత పెట్టింది. సంఘం పరువు అంటూ రాజీ కుదర్చడానికి వీల్లేదు. పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181 నంబర్లు అందరికీ కంఠతా రావాలి. ఎవరైనా బతుకు మీద విరక్తిగా మాట్లాడితే, "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని నేరుగానే అడగమను. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాను అక్కడి నుంచి తీయించి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. వైద్యుడికి అప్పగించడం విశ్వాసం తగ్గడం కాదు.

ఒక ఇంట్లో చావు జరిగాక, ఆదరణ కూడిక దాకా ఆ ఇంటినిండా జనం ఉంటారు. అసలు ఒంటరితనం ఆ తర్వాతే మొదలవుతుంది. అందుకని ఒక్కొక్కరి చేతా ఒక నోటుపుస్తకం పెట్టించు. నెలకు, మూడు నెలలకు, పోయినవారి పుట్టినరోజుకు, సంవత్సరీకానికి మళ్లీ వెళ్లాల్సిన తేదీలు అందులో ఉండాలి. తెలుసుకున్న గుట్లు మాత్రం రాయకూడదు. క్రైస్తవేతరుల ఇంట్లో చావు జరిగినా వెళ్లాలి, బియ్యం గిన్నెతో వెళ్లాలి. వాళ్ల దుఃఖాన్ని మతం మార్చే అవకాశంగా చూడటం మాత్రం పాపం.

వీళ్లను పంపి నువ్వు మరచిపోకు. విన్న బాధ వినేవాళ్ల మీదా పడుతుంది. నెలకు రెండుసార్లు నీ ఇంట్లో కూర్చోబెట్టి, పేర్లు చెప్పించకుండా వాళ్ల బరువు దించు. అలసిపోయినవారికి కొన్నాళ్లు సెలవివ్వు.

సభ పెట్టి, బ్యానరు కట్టి ప్రారంభించకు. పదిమందితో వచ్చే ఆదివారమే మొదలుపెట్టు. పని అప్పగించాక వాళ్లను నమ్ము, ప్రతి ఇంటికీ వెనకాలే వెళ్లి సరిదిద్దకు. ఇది వాళ్లకు నువ్వు ఇచ్చే పని కాదు నాయనా, బాప్తిస్మంతోనే వాళ్లకు వచ్చిన పిలుపు. దాన్ని బాగా చేసేలా నేర్పడమే నీ వంతు.

ఇట్లు,
నీ క్షేమం కోరే
మేనత్త