నెమరు పొట్టలో మారే కొవ్వు

టి. నగర్, చెన్నై

చిరంజీవి మనవరాలికి,

టి. నగర్ ఇళ్లకు తెల్లవారేసరికి చేరే ఆవిన్ పాల ప్యాకెట్లలో నీలిరంగుదానిలో కొవ్వు 3 శాతం, ఆకుపచ్చదానిలో 4.5, నారింజరంగుదానిలో 6. ఇవి ఎంత కొవ్వో చెబుతాయి గానీ ఎలాంటి కొవ్వో చెప్పవు. అది చాలావరకు తేలేది పశువు కడుపులో.

నెమరు వేసే పశువు కడుపులో నాలుగు అరలు. వాటిలో అన్నిటికన్నా పెద్దది రూమెన్. గాలి సోకని ఆ చోట కోటానుకోట్ల సూక్ష్మజీవులు మేతను పులియబెడతాయి. పచ్చగడ్డి కొవ్వులో ఎక్కువ భాగం లినోలెనిక్ ఆమ్లం, పత్తి గింజల నూనెలో లినోలిక్ ఆమ్లం. రెండూ అసంతృప్తమైనవే. అవి చాలా బాక్టీరియాలకు విషప్రాయం. అందుకే కాబోలు, బ్యుటిరివిబ్రియో వంటి బాక్టీరియాలు వాటికి హైడ్రోజన్ చేరుస్తాయి. నడుమ వ్యాక్సినిక్ ఆమ్లమనే ట్రాన్స్ కొవ్వు పుడుతుంది, చివరికి గట్టిపడే స్టియరిక్ ఆమ్లం మిగులుతుంది. వనస్పతి ఫ్యాక్టరీ నికెల్ సాయంతో నూనెను గడ్డకట్టించేదీ ఈ పద్ధతిలోనే.

పొదుగు ఈ పనిని కొంత వెనక్కి తిప్పుతుంది. అక్కడి ఎంజైమ్ స్టియరిక్‌లో కొంత భాగాన్ని మెత్తని ఓలియిక్‌గా, వ్యాక్సినిక్‌లో కొంత రూమెనిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ రూమెనిక్ గురించి ఆరోగ్య ప్రచారం చాలానే సాగింది. కానీ ఎలుకల్లో కనిపించిన మేలును మనిషికి అంటగట్టడం తొందరపాటే.

నేతి సువాసనకూ రూమెన్‌తో సంబంధం ఉంది. పీచు పులిసినప్పుడు పుట్టే ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాల నుంచి పొదుగు ఆ వాసనకు తోడ్పడే, బ్యుటిరిక్ వంటి పొట్టి గొలుసుల కొవ్వును కడుతుంది. వంటనూనెల్లో బ్యుటిరిక్ దాదాపు ఉండదు. నేతిలో కల్తీని పట్టే రైకర్ట్-మైస్ల్ పరీక్షకు ఆధారం ఇదే. పత్తి గింజలు ఎక్కువగా తిన్న పశువుల నేతిలో మాత్రం కల్తీ లేకపోయినా ఆ పరీక్షలో వచ్చే అంకె తగ్గుతుంది. ఈ సంగతి తెలియని పరీక్షకుడు మంచి నేతిని కూడా అనుమానిస్తాడు.

మాంసంలోనూ రూమెన్ వల్ల తేడా కనిపిస్తుంది. మేక మాంసం కూర చల్లారితే పైన కొవ్వు తెల్లగా గడ్డకడుతుంది. కోడికి రూమెన్ లేదు. మేతలోని నూనె పెద్దగా మారకుండానే దాని కొవ్వులో చేరుతుంది. అందుకే కోడి కూర మీద నూనె తేలుతూ ఉంటుంది.

గడ్డి తగ్గించి దాణా మరీ పెంచితే రూమెన్‌లో ఆమ్లం ఎక్కువై, హైడ్రోజన్ చేరే దారి మళ్లుతుంది. అప్పుడు పుట్టే వేరే ట్రాన్స్ కొవ్వులు పొదుగులో కొవ్వు తయారీని అణచివేస్తాయి. పాలలో వెన్న శాతం పడిపోతుంది. వెన్నను బట్టి ధర కట్టే సేకరణ కేంద్రంలో రైతుకు ఆ నష్టం చీటీలోనే కనిపిస్తుంది.

ఆశీస్సులతో,
తాతయ్య