చర్చిలో ఇచ్చే రొట్టె మన ప్రసాదం లాంటిదేనా?

క్రిస్మస్‌కో, ఫ్రెండ్ పెళ్లికో చర్చికి వెళ్తాం. ప్రార్థన మధ్యలో చాలామంది లేచి వరుసగా ముందుకెళ్లి చిన్న రొట్టె ముక్క తీసుకుంటారు. మనమూ వెళ్లాలా? వెళ్లకపోతే వాళ్లని అవమానించినట్టా? ప్రసాదం కాదనకూడదని వింటూ పెరిగాం కాబట్టి ఈ డౌట్ రావడం సహజమే.

ఎక్కడ మొదలైంది?

యేసును సిలువ వేయడానికి ముందు రాత్రి ఆయన జెరూసలేంలో శిష్యులతో కలిసి భోజనం చేశారు. అది యూదుల పస్కా పండుగ సమయం. రొట్టె విరిచి తన శరీరమని, ద్రాక్షారసం తన రక్తమని చెప్పి, తనను తలచుకుంటూ ఇలా చేయమన్నారని బైబిల్ చెబుతుంది. తెలుగు క్యాథలిక్కులు దీన్ని 'దివ్యసత్ప్రసాదం' అంటారు. ప్రొటెస్టెంట్లు 'ప్రభురాత్రి భోజనం', 'సంస్కారం' అంటారు. ఆ రొట్టె, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని క్యాథలిక్కుల విశ్వాసం. చాలా ప్రొటెస్టెంట్ సంఘాలు మాత్రం అది జ్ఞాపకార్థం చేసేదని అంటాయి.

ప్రసాదానికీ దీనికీ తేడా ఏంటి?

మనం దేవుడికి నివేదించింది ప్రసాదమై తిరిగి మన చేతికొస్తుంది. సాధారణంగా దాన్ని ఎవరికైనా పెడతాం. చర్చిలో ఆ రొట్టె తీసుకోవడమంటే "నేను క్రీస్తుకు చెందినవాణ్ని" అని అందరి ముందూ మాటివ్వడం. అందుకే మామూలుగా బాప్తిస్మం పొందినవాళ్లే తీసుకుంటారు. క్యాథలిక్కులైతే కనీసం గంట ముందు నుంచి ఏమీ తినరు. మనసులో ఎవరిమీదైనా పగ ఉంటే ముందు రాజీపడాలని కూడా చెబుతారు.

కాబట్టి మీరు సీట్లోనే మౌనంగా కూర్చోండి. అది అవమానం కాదు, ఆ మాటకి మీరిచ్చే గౌరవం.

అసలు పరీక్ష

తొలి రోజుల్లో గ్రీస్‌లోని కొరింథులో ఓ గొడవ వచ్చింది. అందరూ కలిసి చేయాల్సిన ఈ భోజనంలో ఉన్నవాళ్లు ముందే తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో ఉండిపోయేవారు. పౌలు వాళ్లకి ఘాటుగా ఉత్తరం రాశారు. పేదవాణ్ని సిగ్గుపరిచే భోజనం ప్రభువు భోజనమే కాదన్నది ఆయన మాట సారాంశం.

ఈ మాట మనకేం కొత్త కాదు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదానికి కులభేదం లేదంటారు. మన పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ కూర్చోబెట్టి 'చాపకూడు' పెట్టాడని చెప్పుకుంటాం. ఆచారాలు వేరు, నమ్మకాలు వేరు. ఒకే పంక్తిలో కూర్చుని తింటే మనుషుల మధ్య గోడలు కూలాలన్న ఆశ మాత్రం రెండుచోట్లా ఉంది.

కూలాయా మరి? కులం చర్చిల్లోనూ పూర్తిగా పోలేదు. మన ఇళ్లలోనూ పోలేదు. గుళ్లో అందరితో పాటు చెయ్యి చాచి ప్రసాదం తీసుకుంటాం. ఇంటికొచ్చి పనిచేసే అక్కకి వేరే గ్లాసులో టీ ఇస్తాం!

ఈసారి ఫ్రెండ్‌తో చర్చికి వెళ్తే ఆ వరుసను గౌరవంగా చూడండి. ఇంటికొచ్చాక ఆ వేరే గ్లాసు తీసేయండి. ప్రసాదానికి మనమివ్వగలిగే మర్యాద అదే.