రోడ్డు చూసి కాదు, బరువు చూసి గాలి పెట్టండి

ఉప్పల్ రింగురోడ్డు దాటి వరంగల్ రోడ్డెక్కే డ్రైవర్లకు మట్టి ట్రాక్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆ పిల్లర్ల పక్కనుంచి ఏళ్లకేళ్లు బండి నడిపినవాళ్లు ఎండాకాలం దుమ్మునీ, వానాకాలం బురదనీ, పైకి తేలిన కంకరనీ చూసే ఉన్నారు. అలాంటి దారిలో రోజూ తిరిగేవాళ్లలో కొందరు గుంతల రోడ్డని టైర్లలో కాస్త గాలి తీసేస్తారు. కుదుపు తగ్గుతుంది, నడుముకు సుఖంగా ఉంటుంది, నిజమే. నాచారం పారిశ్రామికవాడలో సరుకెత్తే ట్రాలీవాళ్లు కొందరు దీనికి పూర్తిగా ఎదురు. లోడు ఎక్కువుందని టైరు రాయిలా అయ్యేదాకా కొట్టిస్తారు. ఇద్దరికీ నష్టమే, కాకపోతే నష్టం వచ్చే దారి వేరు.

గాలి తీసి నడపడం రేసువాళ్ల విద్య. అమెరికాలో మట్టి ట్రాక్‌ల మీద పరుగెత్తే స్ప్రింట్ కార్ల వెనక టైర్లలో పది, పన్నెండు పీఎస్‌ఐ, ఒక్కోసారి అంతకన్నా తక్కువే ఉంటుంది. గాలి తగ్గితే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, మట్టిని పట్టుకుంటుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ ట్రాక్‌లో బండి ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది కాబట్టి ఎడమ టైర్లకో లెక్క, కుడి టైర్లకో లెక్క. పరుగులో టైరు వేడెక్కి ప్రెషర్ పెరిగితే, పెరిగినంత మేరా తనంతట తనే వదిలేసే చిన్న వాల్వు కూడా రిమ్ముకు బిగించుకుంటారు. వాళ్లకది చెల్లుతుంది. బండిలో ఒక్కడే మనిషి, తిరిగేది కొన్ని రౌండ్లు, టైరు పోతే ఇంకోటి సిద్ధం. మీ బండి సంగతి అది కాదు. పొద్దున మల్లాపూర్‌లో ఇనుప సామాను, మధ్యాహ్నం హబ్సిగూడలో ఫర్నిచర్, సాయంత్రం ఖాళీగా ఇంటికి. టైరు పోతే ఆ రోజు సంపాదన పోయినట్టే.

టైరు బరువును మోయదు, దాని లోపలున్న గాలి మోస్తుంది. అది తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగి లేస్తుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది. ఉప్పల్ ట్రాఫిక్‌లో నిదానంగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి స్పీడందుకున్నాక తెలుస్తుంది, టైరు పేలితే. గుంతలోనూ అంతే. గాలి తగ్గిన టైరు గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య నలుగుతుంది. ట్యూబు ఉంటే చిట్లుతుంది, ట్యూబ్‌లెస్ అయితే లోపలి దారాలు తెగి పక్కగోడ మీద బుడగ లేస్తుంది. బుడగ లేచిన టైరుకు మందు లేదు, మార్చడమే. నడుము నొప్పి తగ్గాలంటే షాకబ్జార్బర్లు మార్పించండి, సీటు కింద స్పాంజి వేయించుకోండి. గాలి జోలికి పోవద్దు.

ఎక్కువ కొట్టించినవాళ్లకు ఇంకో చిక్కు. టైరు మధ్యభాగమే నేలకు ఆనుతుంది, అక్కడే అరుగుతుంది. కంకర మీద బ్రేకు వేస్తే జారుతుంది. ప్రతి దెబ్బా సస్పెన్షన్‌కూ బేరింగులకూ నేరుగా తగులుతుంది.

మరి ఎంత పెట్టాలి? డ్రైవర్ డోరు తెరిస్తే బాడీ అంచున కంపెనీ అతికించిన పట్టీ ఉంటుంది. బైకులకూ ఆటోలకూ యూజర్ మాన్యువల్‌లో ఉంటుంది, కొన్ని బైకులకు చెయిన్ కవరు మీదే స్టిక్కరు. ముందు టైరుకెంత, వెనక టైరుకెంత, లోడుంటే ఎంత, లేకుంటే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 36 పీఎస్‌ఐ మధ్య వస్తుంది. టైరు పక్కన అచ్చుపోసిన అంకె మాత్రం మీక్కావలసింది కాదు, అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. "అన్ని బండ్లకీ ముప్పై అయిదే అన్నా" అనే పంక్చర్ షాపు కుర్రాడి మాటా వినక్కర్లేదు. అతను మీ బండిలో ఏముందో చూడలేదు. ఎలక్ట్రిక్ ఆటో కొత్తగా కొన్నవాళ్లయితే పాత డీజిల్ ఆటో అంకెను దీనికి వాడకండి, దీని మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి.

కొలవాల్సింది పొద్దున్నే, బండి తీయకముందు. బంకు దగ్గర్లో ఉంటే రెండు మూడు కిలోమీటర్లు నడిపాక కొలిచినా పెద్ద తేడా రాదు. గంటసేపు తిరిగిన టైరులో నాలుగైదు పాయింట్లు (పీఎస్‌ఐ) ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే మర్నాటి పొద్దుటికి తక్కువతో నిలబడుతుంది. నాకు తెలిసి డ్రైవర్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. వేడి మీదే కొట్టించాల్సి వస్తే రాసిన అంకె కన్నా మూడు నాలుగు ఎక్కువ పెట్టించి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు సరిచూసుకోండి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనే ఉంది, మొహమాటపడొద్దు. అక్కడి మీటరు రోజంతా ఎందరి చేతుల్లోనో పడి దెబ్బలు తింటుంది కాబట్టి సొంత గేజ్ ఒకటి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. కొన్ని వందల రూపాయల వస్తువు. రేసువాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఈ ఒక్కటే: ఎప్పుడూ అదే గేజ్, ఎప్పుడూ చల్లటి టైరు, కొలిచిన అంకె పుస్తకంలో.

కాలం మారితే అంకె కూడా మారుతుంది. ఎండ ఆరు డిగ్రీలు తగ్గితే గాలి ఇంచుమించు ఒక పాయింటు పడిపోతుంది. మే నెల పొద్దున నింపిన కారు టైరు డిసెంబరు చలిలో రెండు పాయింట్లు తక్కువ చూపించడం చలి మహిమే. దానికి తోడు మంచి టైరులోంచి కూడా నెలకు ఒకటో రెండో పాయింట్లు కారిపోతూనే ఉంటాయి. వారానికోసారి చూడమనేది అందుకే.

నైట్రోజన్‌కు డబ్బు కట్టాలా అని అడుగుతుంటారు. మామూలు గాల్లో 78 శాతం అదే. ఉచితంగా ఇస్తే పట్టించుకోండి, లేకుంటే వదిలేయండి.

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి షెడ్ల చుట్టూ తిరిగేవాళ్లకు గాలి దిగడానికి ఇంకో కారణం కాచుకుని ఉంటుంది. లేత్ చెక్కుడు, స్క్రూలు, వైరు ముక్కలు. సరుకు దించాక బండి తీసేముందు నాలుగు టైర్లూ ఒకసారి చూడండి. మేకు దిగినట్టు కనిపిస్తే అక్కడే పీకకండి, షాపు దాకా దాన్ని ఉండనిస్తేనే మేలు. వాల్వు మూత లేకుండా దుమ్ములో తిప్పితే ఇసుక లోపలి పిన్నులో చేరి గాలి సన్నగా కారుతుంది. పంక్చర్ లేదంటున్నారు, గాలి మాత్రం దిగుతోందంటే వాల్వు మీద సబ్బునీళ్లు వేసి చూడమనండి.

టైరు అరుగుదల కూడా ఓ పద్దు లాంటిదే. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్. గీతల్లో అడ్డంగా కనిపించే చిన్న గట్టుతో రబ్బరు సమానమైతే కారు టైరు పని అయిపోయినట్టు, అది 1.6 మిల్లీమీటర్ల గుర్తు. ఒకే ఇరుసు మీద కుడి ఎడమల అంకె ఒక్కటే ఉండాలి. తేడా ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి తక్కువ ఉన్నవైపు లాగుతుంది.

గాలి తీయక తప్పని సందర్భం ఒక్కటుంది. వానలో కొత్త లేఅవుట్ మట్టిలో చక్రం దిగబడి అక్కడే తిరుగుతుంటే కొంత గాలి తీసి, మెల్లగా బయటికి లాగొచ్చు. తారు రోడ్డెక్కాక స్పీడు పెంచకుండా ముందు గాలి కొట్టే చోటికి పోవాలి.

ఈ వారం కొలిచేటప్పుడు స్టెప్నీ కూడా దించి చూడండి.