చేప నోరు చూసి గాలం వేయండి

గాలం కొనేముందు ఒక ఉదయం చేపల బజారుకు వెళ్లండి. ఏమీ కొనకపోయినా ఫరవాలేదు, పక్కపక్కనే పరిచిన బొచ్చె, శీలావతి, ఎర్రమోసుల నోళ్లు చూసి రండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైపొరల్లో తింటుంది. శీలావతి, అంటే రోహు, నడిమి నీళ్లలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది, అడుగు బురదలో వెతుక్కుంటుంది. చేపల చెరువుల రైతులు ఈ మూడింటినీ కలిపి పెంచేది అందుకే. ఒకదాని మేతకు ఇంకొకటి పెద్దగా అడ్డు రాదు. గాలం వేసేవాళ్లకూ ఇదే తొలిపాఠం. ఎర ఎంత మంచిదైనా చేప తినే లోతులో లేకపోతే పొద్దుగూకేదాకా కూర్చున్నా బెండు కదలదు.

తర్వాత నీళ్లు ఎవరివో కనుక్కోండి. ఊరి చెరువుల్లో చాలావాటి మీద చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. పిల్లలను వదిలి పెంచుకునేది వాళ్లే. ఒక్క మాట అడిగితే సరదాగా గాలం వేసుకోనిస్తారు, మంచి చోటు కూడా చూపిస్తారు.

నేర్చుకోవడానికి రీలు అక్కర్లేదు. పది అడుగుల తేలికపాటి వెదురు కర్ర, దాని పొడవుకు సరిపడా తంగూసు, ఒక బెండు, చిన్న సీసం గుండు, 10 నంబరు కొక్కెం చాలు. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. 1/0, 2/0 అని సున్న పక్కన పడిందంటే మాత్రం ముందు అంకెతోపాటు కొక్కెమూ పెరుగుతుంది. ముడి వేసేటప్పుడు తంగూసును కొక్కెం కంట్లోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కొసను కంటి పక్కన మిగిలిన సందులోంచి బయటికి తీయండి. బిగించేముందు ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి తంగూసు బలం తగ్గిపోతుంది. పెద్ద చేప తెంపుకుపోయేది చాలాసార్లు ఆ ముడి దగ్గరే.

ఇక లోతు కొలవాలి. కొత్తవాళ్లు వదిలేసే పని ఇదే, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం. ఎర లేకుండా, బెండును ముంచేంత బరువైన గుండు కట్టి వేయండి. బెండు మునిగితే దారం మీద దాన్ని పైకి జరపండి, పక్కకు పడుకుంటే కిందికి. కొస మాత్రమే నీటిపైన నిలిచిందంటే అడుగు దొరికినట్టు. ఆ గుండు తీసేసి, ఎర అడుక్కి జానెడు పైన వేలాడేలా బెండు సరిచేసి, ఎర్ర ముక్క గుచ్చండి. పరిగెలు ముందు టకటకా పొడుస్తాయి, అప్పుడు లాగకండి. బెండు నిలకడగా పక్కకు జారినా, మునిగినా మణికట్టుతో చిన్నగా ఎత్తండి. భుజం బలమంతా పెట్టి లాగితే చేప మూతి చిరుగుతుంది.

చేతికి ఆ అలవాటు వచ్చాక రీలు కొనుక్కుని శీలావతి, ఎర్రమోసుల మీదికి వెళ్లవచ్చు. నానబెట్టిన వేరుశనగ చెక్కలో తవుడు, గోధుమపిండి కలిపి గట్టిగా పిసకండి. అందులో కొన్ని ఉండలు ఒకేచోట విసిరి అరగంట ఆగండి. సన్నని బుడగలు వరుసగా లేస్తుంటే అడుగున మేత మొదలైందన్నమాట. అప్పుడు అదే ముద్ద కొక్కేనికి పెట్టి ఆ చోటే వేయండి. రీలు బిగువు మరీ ఎక్కువ పెట్టకండి. చేప పరుగెడితే దారం పోనివ్వాలి, అది ఆగినప్పుడు చుట్టాలి.

జెల్లలకు బెండు వద్దు. చీకటి పడే వేళ, తొలకరికి నీరు కలకబారినప్పుడు, బరువు గుండుతో ఎర్రలను అడుగుకు దించి, దారాన్ని చూపుడువేలి మీద ఆనించి కూర్చోండి. పట్టేటప్పుడు జాగ్రత్త: వీపు మీద ఒకటి, మొప్పల వెనక రెండు ముళ్లుంటాయి. ఇంగిలాయి ముల్లుకు విషం కూడా ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టి, డాక్టరుకు చూపించండి.

వదిలేయదలచిన చేపను తడి చేత్తోనే పట్టుకోండి. ఒంటి జిగురే దానికి రక్ష. తెగిన తంగూసు గట్టున పారేయకండి, కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది.

నాకు ఇష్టమైనది కొరమీను. తెలంగాణ రాష్ట్ర చేప. గాలి పీల్చడానికి నీటిపైకి వస్తుంది, కాబట్టి కలువాకుల మధ్య గుటుక్కుమన్న చప్పుడు వింటే చోటు తెలిసిపోతుంది. రబ్బరు కప్పను ఆకుల మీదుగా చిన్న చిన్న గెంతులతో లాక్కురండి. నీళ్లు భళ్లున పగిలినా వెంటనే లాగవద్దు, ఒకటి రెండు లెక్కపెట్టి అప్పుడు లాగండి. ఆకుల్లోకి దూరితే రాదు కాబట్టి దీనికి తంగూసు కాకుండా గట్టి అల్లిక దారం వాడాలి. వానాకాలంలో నీటిపైన కుంకుమ చల్లినట్టు ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే, కింద పెద్ద చేప కాపలా ఉందని గుర్తు. ఏది దగ్గరికొచ్చినా మీదపడుతుంది, అందుకే అప్పుడు దాన్ని పట్టడం చాలా తేలిక. పట్టకండి. గాలం చుట్టుకుని అవతలి గట్టుకు వెళ్లండి.