ఆపనివ్వనిది గేమా, స్క్వాడా?

బీజీఎంఐ ఆడేవాళ్లు ఒక చిన్న టెస్ట్ చేసి చూడండి. ఈ రోజుకి స్క్వాడ్ వద్దు, వాయిస్ చాట్ వద్దు. సోలోగా ఎరాంగెల్‌లో దిగండి. అదే మ్యాప్, అవే గన్స్, అవే గ్రాఫిక్స్. రెండో మ్యాచ్‌కే బోర్ కొట్టిందా? అయితే రోజూ రాత్రి మిమ్మల్ని కూర్చోబెడుతున్నది గేమ్ ఒక్కటే కాదు, హెడ్‌సెట్‌లో వినిపించే ఆ ముగ్గురి గొంతులు కూడా.

గేమ్ డిజైన్ కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. 100 మంది ఒకే సర్వర్‌లో లైవ్‌గా ఆడుతుంటే పాజ్ బటన్ పెట్టడం కుదరదు. క్లాసిక్ మ్యాచ్ చివరిదాకా వెళ్తే దాదాపు అరగంట. మధ్యలో అమ్మ అన్నానికి పిలిచిందని లేచారనుకోండి, నలుగురి టీమ్ ముగ్గురైపోతుంది. నాక్ అయి పడి ఉన్న ఫ్రెండ్‌ని రివైవ్ చేయడానికి మీరుండరు. క్యాండీ క్రష్ మధ్యలో మూసేస్తే అడిగేవాళ్లే లేరు. ఇక్కడ మాత్రం "హ్యాండిచ్చి పోయావేంట్రా" అని మాట పడాలి.

అందుకే ఆండ్రాయిడ్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్ టైమర్ ఇక్కడ పెద్దగా పనిచేయదు. అది నిమిషాలు లెక్కపెడుతుంది, పైగా అర్ధరాత్రి 12కి రీసెట్ అవుతుంది. సరిగ్గా స్క్వాడ్ అంతా ఆన్‌లైన్‌కి వచ్చే టైమ్‌కి! 2023 మేలో బీజీఎంఐ మళ్లీ వచ్చినప్పుడు పెట్టిన లిమిట్ కూడా గంటల లెక్కే: 18 ఏళ్ల లోపువాళ్లకి రోజుకి 3, మిగతావాళ్లకి 6.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం గంటలు లెక్కపెట్టలేదు. 2022 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌కి చెప్పిన లక్షణాలు మూడు: ఆటపై కంట్రోల్ తప్పడం, మిగతా పనులన్నీ ఆట తర్వాతే అవ్వడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం. మామూలుగా ఇది 12 నెలలు కనిపించాలి. కాబట్టి ఆదివారం ఫ్రెండ్స్‌తో నాలుగు గంటలు ఆడినంత మాత్రాన జబ్బు కాదు. కానీ సెమిస్టర్ పోతున్నా లాబీలోనే ఉంటే మాత్రం 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.

అంతదాకా రాకముందే అయితే, నిమిషాలు కాదు, మ్యాచ్‌లు లెక్కపెట్టండి. మ్యాచ్ మొదలవ్వకముందే "నేను రెండే ఆడతా, తర్వాత వేరేవాళ్లని తీసుకోండి" అని స్క్వాడ్‌కి చెప్పేయండి. అప్పుడు లేచిపోయినా ఎవరికీ హ్యాండిచ్చినట్టు ఉండదు. గేమ్ నోటిఫికేషన్లు ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. వాట్సాప్ గ్రూప్‌లో "ఒక్కడు తక్కువయ్యాడు, రారా" అని మెసేజ్ వస్తుంది కదా, రాత్రికి ఆ గ్రూప్‌ని కూడా మ్యూట్‌లో పెట్టండి.