ఎండలో చదివే కంప్యూటర్

మిట్టమధ్యాహ్నం ఎండలో సెల్‌ఫోన్ తెర చూశారా? అక్షరాలు వెలవెలబోతాయి. అదే ఎండలో కిరాణా కొట్టు కాలిక్యులేటర్ మీద అంకెలు చక్కగా కనిపిస్తాయి. ఫోను తనలోని దీపంతో కనిపించాలి. ఆ దీపం సూర్యుడితో పోటీపడలేదు. కాలిక్యులేటర్ తనమీద పడిన వెలుతురునే వెనక్కి పంపుతుంది. కనుక ఎండ ఎక్కువైతే దానికి మేలే.

ఈ రెండు పద్ధతులనూ ఒకే తెరలో ఇమిడ్చిన కంప్యూటర్ ఒకటి వచ్చింది. పేద దేశాల పిల్లలకు నూరు డాలర్లకే లాప్‌టాప్ ఇస్తామని అమెరికాకు చెందిన నికొలస్ నెగ్రొపాంటే 2005లో ప్రకటించాడు. 2007 నవంబరులో తయారీ మొదలయ్యేసరికి ధర దాదాపు రెట్టింపయింది! ఆ యంత్రం పేరు ఎక్స్‌ఓ.

దాని తెరను రూపొందించినది మేరీ లూ జెప్సెన్ అనే శాస్త్రజ్ఞురాలు. తెరలోని ప్రతి చుక్కలో కొంత భాగం కిటికీ, కొంత భాగం అద్దం అనుకోండి. గదిలో వెనుక దీపం వెలిగిస్తే కిటికీలోంచి రంగులు కనిపిస్తాయి. ఎండలో దీపం ఆర్పేస్తే అద్దం పనిచేసి, నలుపు తెలుపుల్లో అక్షరాలు కనిపిస్తాయి. దీపం ఆరితే తెర వాడే కరెంటు బాగా తగ్గిపోతుంది.

కరెంటు దగ్గర ఇంత పిసినారితనం ఎందుకు? కరెంటు లేని ఊళ్ళ కోసమే కదా ఆ యంత్రం! అందుకే లోపల ఫ్యాన్ లేదు, గిర్రున తిరిగే డిస్కూ లేదు. కదిలే భాగాలు లేకపోతే చెడిపోయేవీ తక్కువే. కీబోర్డు ఒకే రబ్బరు పొర కాబట్టి దుమ్ము లోపలికి పోదు. 2005లో ట్యునీసియాలో చూపిన నమూనాకు చేత్తో తిప్పే పిడి ఉండేది. తర్వాతి యంత్రంలో దాన్ని తీసేశారు.

దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ వీటిని ఇచ్చింది. పెరూ కూడా లక్షల్లో పంచింది. ఫలితం? పెరూలో 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన నివేదిక ప్రకారం లెక్కల్లోగాని, భాషలోగాని పిల్లల మార్కులు పెరగలేదు. ఆలోచనాశక్తి పరీక్షల్లో మాత్రం కొంత మెరుగు కనిపించింది. నాకిందులో వింతేమీ లేదు. పలక మంచిదైనంత మాత్రాన ఎక్కాలు వస్తాయా?

ఆ లాప్‌టాప్‌లో నాకు నచ్చినది తాబేలు ఆట. "నూరు అడుగులు ముందుకు, 90 డిగ్రీలు కుడికి" అని నాలుగుసార్లు ఆజ్ఞాపిస్తే తాబేలు చతురస్రం గీస్తుంది. మరి సమబాహు త్రిభుజానికో? 60 అంటారు చాలామంది. తాబేలు మాత్రం దారి తప్పుతుంది! అది తిరిగేది లోపలి కోణం కాదు, బయటి కోణం, అంటే 120.

దీనికి కంప్యూటరే అక్కర్లేదు. బడి ఆవరణలో ఒకరు తాబేలుగా నిలబడండి, మరొకరు ఆజ్ఞలివ్వండి, నడిచిన దారిని సుద్దతో గీయండి. ఆరు భుజాల క్రమ షడ్భుజి రావాలంటే ప్రతి మూలలో ఎన్ని డిగ్రీలు తిరగాలి?